మా స్కూటరు ఊపిరి పరీక్ష

నా స్కూటరుకు కాలం చెల్లిందని మా ఆయన ప్రకటించిన పొద్దున, నేను లోపల చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను. వాకిట్లోంచి కిక్కు కొట్టిన చప్పుడు వస్తూనే ఉంది. ఇంజను చప్పుడు మాత్రం రావడం లేదు.

"స్టార్టయిందా?" అని కేకేశాను.

"అవుతాది, అవుతాది" అన్నారు. ఇంకో నాలుగు కిక్కులు. చివరికి బండి దగ్గి, తుమ్మి, లేచింది. నేను హెల్మెట్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆయన చెమటలు తుడుచుకుంటూ, డాక్టరు రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో, "దీనికి కంప్రెషన్ పోయిందే" అన్నారు.

కంప్రెషన్ అంటే ఇంజను లోపల గాలిని నొక్కిపట్టే బలం. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కితే వేలికి ఎదురుతన్నేది అదే. అది పోయిందంటే లోపలి రింగులు అరిగిపోయాయని, ఇంజను ముసలిదైపోయిందని అర్థం. ఇదంతా నాకెలా తెలుసంటారా? జంషెడ్‌పూర్‌లో కాపురం చేస్తే తెలియక చస్తుందా! ఈ ఊళ్లో ఆడవాళ్లు కుక్కరు రబ్బరు మార్చాలన్నా ఇంట్లో మగవాళ్లు సీలింగు, ప్రెషరు అని అరగంట ఉపన్యాసం చెబుతారు.

మా ఆయన కార్ఖానాలో మెయింటెనెన్సు చూసి రిటైరయ్యారు. అగ్రికో కాలనీలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి బిర్సానగర్‌లో సొంతింటికి వచ్చాం. నేను పాఠాలు చెప్పే బడి మాత్రం ఇంకా అగ్రికో పక్కనే ఉంది. రోజూ స్కూటరు మీద వెళ్లి వస్తాను. బండికి సెల్ఫ్ మోటారు ఎప్పుడో పోయింది, ఆ మోడలుకు మళ్లీ దొరకడం లేదు. కాబట్టి కిక్కే గతి. పొద్దున్నే బండి బయటికి తీసి, సీటు తుడిచి, స్టార్టు చేసి, ఇంజను వేడెక్కించి నా చేతికివ్వడం మా ఆయన పని. నేను కొన్న రోజు నుంచీ అంతే. నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ మానలేదు.

ఈ వానలు మొదలైనప్పటి నుంచే ఆ పని ఆలస్యమవుతోంది. విచిత్రం ఏమిటంటే, మధ్యాహ్నం బడి దగ్గర నేను కొడితే రెండో కిక్కుకే లేస్తుంది. ఆ మాటే అన్నాను.

"మజ్జానం ఎండలో నిలబడతాది కదే. ఇంజను ఏడెక్కితే ఏ బండైనా లెగుత్తాది. పొద్దున్న సల్లగున్నప్పుడు తెలుత్తాది దాని బతుకు" అన్నారు. అని, అసలు విషయం మెల్లగా బయటపెట్టారు. "అమ్మేద్దాం. రోజూ నేను దింపుతాను, నేనే తీసుకొత్తాను. నా బండికి బటన్ నొక్కితే సాలు."

నేను వెళ్లి బండి హ్యాండిలు పట్టుకున్నాను.

ఆయన బండి వెనక కూర్చున్న అనుభవం నాకు తక్కువేం లేదు. పెళ్లయిన కొత్తలో అది సరసం, తర్వాత అది సహనం. దారిలో తెలిసిన మొహం కనబడితే ఆపుతారు. తెలియని మొహమైనా, దాని ముందు విప్పేసిన యంత్రం ఉంటే ఆపుతారు. రోడ్డు పక్కన ఎవరి లారీయో జాకీ మీద ఉంటే చాలు, దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, "యే నట్ పహలే ఢీలా కరో" అని ఏ నట్టు ముందు వదులు చెయ్యాలో సలహా ఇస్తారు. సిద్ధగోరా బజారులో లేత బెండకాయలు కొంటే ఇల్లు చేరేసరికి ముదిరిపోయేవి. ఆ బాధ పడలేకే నలభై దాటాక స్కూటరు నేర్చుకున్నాను. ఒకసారి పాలవాడి సైకిలును, ఒకసారి మా గేటునే గుద్దాను గానీ నేర్చుకున్నాను. బళ్లో నేను టీచరును, ఇంట్లో ఇల్లాలిని. మధ్యలో ఆ అరగంట మాత్రం నేను ఎవరికీ ఏమీ కాను. హెల్మెట్ లోపల పాటలు పాడుకుంటాను, ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు కూడా ఆపను. ఆ అరగంటను ఈయన అమ్మేద్దామంటున్నారు!

"కంప్రెషన్ పోయిందని మీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఎవులో సెప్పాలేటి? నాకు తెలీదా?"

"తెలిస్తే కొలిచి చూపించండి."

ఈ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఈ ఊరి మగవాళ్లు భార్య మాట వినకపోవచ్చు, డాక్టరు మాట వినకపోవచ్చు, గడియారంలాంటి డయలు మీద ముల్లు చెబితే మాత్రం చేతులు కట్టుకుని వింటారు. పైగా ఆ సమయానికే మా సందు చివర ఉండే పెద్దసారు పాలప్యాకెట్లతో గేటు ముందు నుంచి వెళుతున్నారు. పెద్దసారంటే మా ఆయనకు ఒకప్పటి పైఅధికారి. ఆయన రిటైరయ్యాక మా ఆయనా రిటైరయ్యారు. అయినా ఇప్పటికీ ఆయన్ను చూస్తే మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడతారు. పెద్దసారు వ్యవహారం మొత్తం విని తీర్పు చెప్పారు.

"అమ్మాయి చెప్పింది కరెక్టోయ్. కొలవకుండా ఏదీ కండెమ్ చెయ్యకూడదు. టెస్టరు తెప్పించు. ముల్లు గీత దాటితే బండి ఉంటుంది, దాటకపోతే పోతుంది."

నేను ఒప్పుకున్నాను. మా ఆయన కూడా "సరే సార్" అన్నారు. అయితే అంత గట్టిగా అనలేదు.

ఆ సాయంత్రమే సిద్ధగోరాలో పనిముట్లు అమ్మే కొట్టుకు వెళ్లాం. నేను మాత్రం తయారుగా వెళ్లాను. బండి స్పార్కు ప్లగ్గు విప్పించి రుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. జాకెట్టుకు మ్యాచింగ్ కొనడానికి చీర ముక్క పట్టుకెళ్లమా? ఇదీ అంతే. ప్లగ్గు ఊడదీసిన కంతలోకే టెస్టరు మూతి బిగించాలి. మరలు కలవకపోతే అది ఎంత గొప్ప టెస్టరైనా షోకేసులో పెట్టుకోవడానికే.

కొట్టతను ముందుగా బారెడు పైపు, పళ్లెమంత డయలు ఉన్నది తీసి కౌంటరు మీద పెట్టాడు. "మేడమ్, యే లే జాయియే. కార్, ట్రాక్టర్, సబ్ మే చలేగా."

అన్నిటికీ పనికొస్తుందనగానే మా ఆయన కళ్లు మెరిశాయి. "డయలు బాగుంది కదే. కళ్లజోడు లేకపోయినా కనబడతంది."

"మన బండి ట్రాక్టరు కాదండీ" అన్నాను.

దీని గురించి మా అమ్మాయి నాకు ముందే పాఠం చెప్పింది. తను మాతోనే ఉంటూ బ్యాంకులో పనిచేస్తుంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. ఫోనులో వీడియోలు చూసి, "మమ్మీ, ఛోటే ఇంజన్ కే లియే లంబా పైప్ మత్ లేనా" అంది. చిన్న ఇంజనుకు పొడుగు పైపు ఎందుకు వద్దో విన్నాక నాకు నచ్చింది. స్కూటరు ఇంజను లోపల చోటు గ్లాసెడు కూడా ఉండదు. ఆ గాలే వెళ్లి బారెడు పైపును కూడా నింపాలంటే సగం బలం దారిలోనే ఖర్చవుతుంది, ముల్లు తక్కువ చూపిస్తుంది. అందుకని గాలిని వెనక్కి పోనివ్వని వాల్వు, సైకిలు ట్యూబులో ఉండే పిన్నులాంటిది, పైపు చివర ప్లగ్గు కంత దగ్గరే ఉండాలి. చేత్తో అదిమి పట్టుకునే రబ్బరు మూతి రకం కూడా వద్దు. చెయ్యి కాస్త వదులైనా గాలి జారుతుంది, ఆ తప్పు ఇంజను మీద పడుతుంది.

నేను ఒక్కొక్క పైపు మూతిలోకీ తొంగిచూస్తుంటే కొట్టతను, ఈవిడ టెస్టరు కొనడానికి వచ్చిందా, కొట్టును తనిఖీ చెయ్యడానికి వచ్చిందా అన్నట్టు చూశాడు. ఐదోదో ఆరోదో నాకు కావలసింది. పొట్టి పైపు, మూతి దగ్గరే వాల్వు. నా రుమాల్లో ప్లగ్గుకున్నంత లావు మరలు. డయలు చిన్నదని మా ఆయన ఇల్లు చేరేదాకా మూతి ముడుచుకున్నారు.

తెచ్చాం గానీ మర్నాడే పరీక్ష పెట్టే వీలు లేకపోయింది. మర్నాడు విశ్వకర్మ పూజ, ఇక్కడి పనిముట్ల పండుగ. మేం క్రైస్తవులం, మా ఇంట్లో ప్రార్థన తప్ప పూజ లేదు. అయినా ఈ ఊళ్లో ఇనుముతో బతికిన ఏ మనిషీ ఆ రోజు స్పానరు ముట్టడు. మా ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అలవాటైన భక్తితో తన పనిముట్లన్నీ కడిగి తుడిచి వరండాలో పాత పేపరు మీద పరిచారు. మధ్యలో కొత్త టెస్టరు పెళ్లికొడుకులా కూర్చుంది. పెద్దసారు కుంకుమ భరిణె పట్టుకొచ్చి స్పానర్లన్నిటికీ బొట్లు పెట్టి, టెస్టరుకు డయలు మీదే పెట్టబోయారు. "సార్, ముల్లు కనబడదు" అన్నాను. అప్పుడు వెనక పెట్టారు. స్కూటరుకు బంతిపూల దండ వేశారు. బలికి తీసుకెళ్లే మేకకు కూడా ఇలాగే దండ వేస్తారు కదా అనుకుంటూ పెద్దసారు పంచిన బూందీ తిన్నాను. బూందీ బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి!

ఆ తర్వాతి రోజు నేను బడి నుంచి వచ్చి బండి దిగకముందే న్యాయస్థానం సిద్ధంగా ఉంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు కొలిస్తేనే లెక్క నిజం. అందుకే నాకు మంచినీళ్లు తాగే టైము కూడా ఇవ్వలేదు. పెద్దసారు బండి పుస్తకంలో చూసి, డయలు అద్దం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీశారు. ప్లగ్గు ఊడదీశారు, టెస్టరు బిగించారు, తాళం ఆఫ్ చేశారు. నాకు ఏక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు, గాలి అడ్డం లేకుండా లోపలికి వెళ్లాలట. పెద్దసారు డయలు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఇక మిగిలింది కిక్కు కొట్టడం. ఎవరు కొట్టాలన్న ప్రశ్నే రాలేదు. పైఅధికారి చదువుతారు, కింది అధికారి కొడతారు, ఆడమనిషి పట్టుకుంటుంది. ఇందులో కొత్తేముంది?

"కొట్టవోయ్!" అన్నారు పెద్దసారు.

మా ఆయన కొట్టారు. ముల్లు ఒక్క గెంతు గెంతి ఆగింది. ఇంకోటి కొడితే ఇంకాస్త పైకి పోయింది.

"ఆపకు. ముల్లు ఇంక కదలనన్నదాకా కొట్టాలి."

కొట్టారు. ముల్లు ఎర్రగీతకు రెండు వేళ్ల దూరంలో నిలబడిపోయింది. పెద్దసారు పైపు పక్కన బటన్ నొక్కి గాలి వదిలేసి, మళ్లీ మొదటి నుంచి కొట్టమన్నారు. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి ఇంకా కిందే ఆగింది. పెద్దసారు కళ్లజోడు తీసి, "ముల్లు అబద్ధం చెప్పదమ్మా" అని నావైపు జాలిగా చూశారు.

గెలిచిన మనిషి గెలిచినట్టుండాలి. మా ఆయన మాత్రం మెట్టు మీద కూలబడి, ఎటో చూస్తూ, "ఆదివారం సాయంత్రం రమ్మంటాను కొనేవోడిని" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయి ఆ రాత్రి చారులో ఉప్పు వెయ్యలేదు. ఆయన ఏమీ అనకుండా తిన్నారు. దాంతో ఇంకా మండింది.

ఆదివారం వచ్చింది. పొద్దున గుడికి వెళ్లాం, చర్చిని మేం గుడే అంటాం. మోకాళ్ల ప్రార్థనకు అందరూ వంగితే ఈయన ఒక్కరే నిలబడి కళ్లు మూసుకున్నారు. వానలు పట్టినప్పటి నుంచీ ఇదే వరస. రిటైరయ్యాక దేవుడి ముందు కూడా ఈయనకు పొగరు పెరిగిందని, నా బండి అమ్మేస్తున్న కోపం కూడా కలిపి, ప్రార్థనలోనే ఫిర్యాదు చేశాను.

భోజనాలయ్యాక ఆయన నడుం వాల్చారు. నేను స్కూటరుకు వీడ్కోలు చెప్పుకోవాలని ఆఖరిసారి ఒక చుట్టు తిరిగి వచ్చాను. వచ్చేసరికి కిటికీ గట్టు మీద టెస్టరు కనబడింది. చూస్తే కోపం వచ్చింది. వాళ్లతో అన్ని మాటలు చెప్పావే, నాతో ఏం చెబుతావో చెప్పు అనుకుని మా అమ్మాయిని కేకేశాను. ప్లగ్గు ఊడదీశాను, టెస్టరు బిగించాను. అమ్మాయి ఏక్సిలరేటరు తిప్పి పట్టుకుంది. చీర ఎగ్గట్టి, మూడు రోజుల కోపాన్నంతా పాదంలోకి దించి కొట్టాను.

ముల్లు ఎర్రగీత దాటిపోయింది. ఇంకా కొట్టాను. గీతను వెనక్కి వదిలేసి ఇంకా పైకి వెళ్లి ఆగింది.

గాలి వదిలేసి మళ్లీ కొట్టాను. మళ్లీ అక్కడికే వెళ్లింది.

"మమ్మీ, ఇంజన్ తో ఏక్‌దమ్ ఠీక్ హై" అంది మా అమ్మాయి. గొంతు తగ్గించి, "ఫిర్ పాపా కా పైర్..." అని సగంలో ఆపేసింది.

ఇంజను బాగానే ఉంది, మరి నాన్న కాలు... ఆ సగం మాట నాకు పూర్తిగా అర్థమైంది. కిక్కు ఎంత బలంగా, ఎంత వేగంగా పడితే లోపల గాలి అంత బాగా నొక్కుకుంటుంది. మెల్లగా పడితే నొక్కుకునేలోపే జారిపోతుంది. మొన్న పెద్దసారు స్టూలేసుకుని చదివింది నా స్కూటరు బలం కాదు, మా ఆయన మోకాలి బలం. పొద్దున్నే ఎనిమిదేసి కిక్కులు ఇంజను చల్లగా ఉండటం వల్ల కాదు. గుడిలో నిలబడింది పొగరుతో కాదు.

నిజం చెబుతున్నాను, ముందు నాకు వచ్చింది జాలి కాదు, సంబరం. బటన్ నొక్కేదాకా ముల్లు దిగదు కదా, దాన్ని అలాగే పట్టుకెళ్లి పెద్దసారు ముందు పెట్టి, 'ఆడలేక మద్దెల ఓడు' అని ఒక్క మాట అనాలనుకున్నాను. సామెత నాలుక చివర ఉండగానే గుమ్మంలో అలికిడైంది. మా ఆయన నిద్రలేచి వచ్చి, ఎడమచేత్తో తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా చేతిలో డయలును చూశారు. ముల్లునూ గీతనూ చూశారు.

"ఎవులు కొట్టారు?"

"నేనే."

నేను సామెత మింగేశాను. అంతలో గేటు దగ్గర బండి ఆగింది. పాత బళ్లు కొనే కుర్రవాడు సిద్ధగోరా నుంచి వచ్చాడు, సాక్షిగా పెద్దసారు వెనకే వచ్చారు. నేను ఏదో ఒకటి చెప్పి అతన్ని పంపించేద్దామని అడుగు వేశాను. మా ఆయన నన్ను దాటి, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగి, గేటు దగ్గరికి వెళ్లారు.

"చాచా, గాడీ మే క్యా దిక్కత్ హై?" అని బండికేమైందో అడిగాడు కుర్రవాడు.

"గాడీ మే కుఛ్ నహీ" అన్నారు మా ఆయన, సందంతా వినబడేలా. "మేరా ఘుట్నా ఖరాబ్ హై."

కుర్రవాడు, చెడిపోయిందన్న ఆయన మోకాలి వైపు ఒకసారి, బండి వైపు ఒకసారి చూసి, "తో ఘుట్నా బేచియేగా?" అన్నాడు. మోకాలు అమ్ముతారా అట! ముందుగా నవ్వింది మా ఆయనే. తర్వాత మా అమ్మాయి, తర్వాత నేను. పెద్దసారు నవ్వలేదు. నా చేతిలోంచి టెస్టరు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ముల్లును చాలాసేపు చూశారు.

"మొన్న నీ చేత అన్నిసార్లు కొట్టించానే" అన్నారు. "నొప్పని ఒక్క మాట చెప్పొద్దటోయ్?"

"మీరు కొట్టమన్నారు కద సార్" అన్నారు మా ఆయన.

పెద్దసారు టెస్టరు తిరిగి నా చేతికిచ్చేశారు. తనకు తెలిసిన ఎముకల డాక్టరు దగ్గరికి రేపే తీసుకెళతానని, కాదంటే ఊరుకోనని చెప్పి వెళ్లిపోయారు. కుర్రవాడు టీ తాగి వెళ్లాడు.

అందరూ వెళ్లాక ఆయన మెట్టు మీద కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆ స్థానంలో బాధ వచ్చి కూర్చుంది.

"సార్‌కి చెప్పకపోతే పోయారు. నాకు చెప్పొద్దా?"

"సెప్తే నువ్వే కొట్టుకుంటావు."

"కొట్టుకుంటాను. తప్పేంటి?"

ఆయన మోకాలు రాసుకున్నారు. "రిటైరయ్యాక ఈ ఇంట్లో పొద్దున్నే నన్ను అడిగే పని అదొక్కటేనే. లోపల్నుంచి నువ్వు 'స్టార్టయిందా' అని కేకేత్తే, డ్యూటీకెల్లినట్టుండేది. అది కూడా నావల్ల అవదంటే మరి నేను పొద్దున్నే లెగిసి ఏటి సెయ్యాలి? బండే సెడిపోయిందనుకో, ఎవులికీ నా సంగతి తెలీదు. నిన్ను దింపే పనైనా ఉంటాది."

నాకు ఏడుపొచ్చింది. తొందరలో, చీర పిన్ను పళ్ల మధ్య పెట్టుకుని, రోజూ వేసిన కేక అది. ఈయన దాన్ని ఇంత భద్రంగా దాచుకున్నారని నాకేం తెలుసు? ఓదార్చబోతే ఇద్దరం ఏడుస్తామని, గొంతు సవరించుకుని, బళ్లో పిల్లలతో మాట్లాడేటప్పటి కరకుదనం తెచ్చుకున్నాను.

"బండి నేను స్టార్టు చేసుకుంటాను. రేపట్నుంచి నా టిఫిను డబ్బా మీరు కట్టండి. నాకు రోజూ ఆ హడావిడిలోనే లేటవుతోంది."

జీవితంలో ఎన్నడూ అన్నం వండని మనిషి. నావైపు తిరిగి, వెక్కిరిస్తున్నానా, నిజమేనా అని మొహం వెతికారు. తర్వాత నడుం నిటారుగా పెట్టుకుని, షిఫ్టు ఆర్డరు తీసుకునేటప్పటి గొంతుతో అడిగారు.

"ఎన్నింటికల్లా తయారుగుండాలి?"